మార్కెట్ బాస్కెట్: ఒక కిరాణా కొట్టు, ఒక కుటుంబం, నూరేళ్ళ కథ, వాటాల తగువు

2014 వేసవిలో అమెరికాలోని మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లో మార్కెట్ బాస్కెట్ అనే సూపర్‌మార్కెట్ చెయిన్ ఉద్యోగులు పని ఆపేశారు. జీతాలు పెంచమని అడగలేదు, సెలవులు అడగలేదు. బోర్డు తీసేసిన సీఈఓ ఆర్థర్ టి. డిమూలస్‌ను మళ్ళీ తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టమన్నారు. వాళ్ళకి యూనియన్ లేదు. ఉద్యోగం ఊడితే అడ్డుపడేవాళ్ళు లేరు. అయినా ఆరు వారాలు నిలబడ్డారు, నెగ్గారు. కార్మికులు యజమాని కోసం పోరాడిన ఉదంతంగా అది బిజినెస్ స్కూళ్ళ దాకా వెళ్ళింది.

2025లో అదే ఆర్థర్ టి.ని అదే సంస్థ బోర్డు మళ్ళీ తీసేసింది. ఈసారి దుకాణాలు మామూలుగానే నడిచాయి. జనం కూరగాయలు కొనుక్కుని వెళ్ళారు.

పదకొండేళ్ళలో ఇంత తేడా ఎలా వచ్చిందంటే, జనం ఆయన్ని మరిచిపోయారనో, ఆయన చెడ్డవాడైపోయాడనో చెప్పేస్తే తేలికే. కానీ అసలు జవాబు కుటుంబంలో వాటాలు చేతులు మారిన తీరులో ఉంది. దానికి 1917 దాకా వెనక్కి వెళ్ళాలి. దారిలో ఒక కోర్టు తీర్పు కూడా తగులుతుంది. 2014 కథ చెప్పేవాళ్ళలో చాలామంది దాన్ని దాటేస్తారు. నా దృష్టిలో ఆ తీర్పు తెలియకపోతే ఈ కథలో ఎవరు మంచి, ఎవరు చెడు అన్న లెక్క తలకిందులుగా అర్థమవుతుంది.

లోవెల్‌లో మొదలు

మసాచుసెట్స్‌లోని లోవెల్ బట్టల మిల్లుల ఊరు. మెరిమాక్ నది నీటితో నడిచిన ఆ మిల్లుల్లో పనికి ముందు ఐర్లండ్ వాళ్ళు, తర్వాత క్యుబెక్ నుంచి ఫ్రెంచి వాళ్ళు, ఆ తర్వాత గ్రీకులు వచ్చారు. గ్రీస్ నుంచి వచ్చిన అథనాసియోస్ డిమూలస్, భార్య ఎఫ్రొసీనీతో కలిసి 1917లో ఏకర్ అనే పేటలో చిన్న కొట్టు పెట్టాడు. చుట్టూ గ్రీకు కుటుంబాలే. తాజా గొర్రెపిల్ల మాంసానికి ఆ కొట్టు పేరు. 1930ల మాంద్యంలో చేతిలో డబ్బు లేని పేటవాళ్ళకి అరువిస్తూ పోయారు. బ్యాంకు కొట్టును స్వాధీనం చేసుకుంటామనే దాకా వచ్చింది. ఎలాగో నిలదొక్కుకున్నారు.

1954లో కొడుకులు జార్జ్, టెలీమాకస్ తల్లిదండ్రుల దగ్గర ఆ కొట్టును 15 వేల డాలర్లకి కొన్నారు. అమెరికాలో కార్లు, కొత్త రోడ్లు, ఊళ్ళ శివార్లలో కొత్త ఇళ్ళు పెరుగుతున్న కాలం. వారానికి సరిపడా సరుకులు ఒక్కచోట కొని డిక్కీలో పెట్టుకుని వెళ్ళే అలవాటు అప్పుడే స్థిరపడింది. సోదరులిద్దరూ ఆ అలను సరిగ్గా అందుకున్నారు. ఒక్క కొట్టు పదిహేనేళ్ళు దాటేసరికి డజనుకు పైగా సూపర్‌మార్కెట్లు అయింది. వాటా చెరి సగం. ఇద్దరిలో ఎవరు ముందు పోయినా, రెండోవాళ్ళు ఆ కుటుంబాన్ని చూసుకోవాలన్నది ఒప్పందం.

1971లో జార్జ్ సెలవులకి గ్రీస్ వెళ్ళి అక్కడే చనిపోయాడు. భార్య, నలుగురు పిల్లలు మిగిలారు. వ్యాపారం మొత్తం టెలీమాకస్ చేతికి వచ్చింది.

ఉమ్మడి ఆస్తి, సొంత పేరు

తర్వాతి ఇరవై ఏళ్ళు బయటికి అంతా సజావుగానే కనిపించింది. జార్జ్ కుటుంబానికి డబ్బు అందుతూనే ఉండేది. సంతకం పెట్టమని వచ్చిన కాగితాల మీద పెట్టేవాళ్ళు. ఇంటి పెద్ద చూసుకుంటున్నప్పుడు కాగితం చదివి సంతకం పెడతామంటే అది నమ్మకం లేకపోవడం కిందే లెక్క. ఏ ఉమ్మడి కుటుంబంలోనైనా ఇది జరిగేదే. కానీ ఆ కాగితాల్లో కొన్ని షేర్ల బదిలీలు. సగం ఉండాల్సిన జార్జ్ శాఖ వాటా చివరికి 8 శాతానికి పడిపోయింది. 1990లో వాళ్ళు కోర్టు మెట్లెక్కారు.

తగువులో రెండు పాయలున్నాయి. షేర్లను మోసపూరితంగా రాయించుకున్నారన్నది ఒకటి. రెండోది ఇంకా చిక్కుది, ఇంకా ముఖ్యమైనది. ఆ ఏళ్ళలో టెలీమాకస్ శాఖ వేరే కంపెనీలు పెట్టి, కొత్త దుకాణాలు కొన్ని వాటి పేరు మీద తెరిచింది. పాత కంపెనీ పేరు డిమూలస్ సూపర్ మార్కెట్స్, అందులో ఇద్దరికీ వాటా. కొత్త కంపెనీల్లో జార్జ్ శాఖకి వాటా లేదు. కానీ వాటిని నిలబెట్టింది పాత కంపెనీ సిబ్బంది, పాత కంపెనీ పలుకుబడి.

ఉమ్మడి పొలం సాగు చేసే సోదరుడు ఆ పంట డబ్బుతో, ఆ ఎడ్లతో, ఆ పాలేర్లతోనే పక్కన కొత్త పొలం సాగులోకి తెచ్చి, పట్టా మాత్రం తన పిల్లల పేర రాయించుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పాత పొలాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. పెరుగుదల మాత్రం గట్టు అవతలికి మళ్ళింది.

అమెరికా కంపెనీ చట్టంలో దీనికి స్పష్టమైన సూత్రం ఉంది. కంపెనీ నడిపే స్థానంలో ఉన్నందువల్ల ఎవరికైనా ఒక వ్యాపార అవకాశం ఎదురైతే అది ముందుగా కంపెనీది. దాన్ని సొంతానికి వాడుకోవాలంటే మిగతా భాగస్వాములకి అన్నీ విప్పి చెప్పి, వాళ్ళు వద్దన్నాకే తీసుకోవాలి. పైగా, కొద్దిమంది చేతుల్లోనే షేర్లుండే కుటుంబ కంపెనీల్లో వాటాదారులు ఒకరిపట్ల ఒకరు భాగస్తుల్లా నమ్మకంగా మెలగాలని మసాచుసెట్స్ సుప్రీం జుడిషియల్ కోర్టు 1975లోనే ఒక కేసులో తేల్చింది. నచ్చకపోతే షేర్లు అమ్ముకుని పోవడానికి అక్కడ బహిరంగ మార్కెట్ ఉండదు కాబట్టి ఆ రక్షణ అవసరమని కోర్టు భావించింది.

1994లో జూరీ షేర్ల బదిలీ విషయంలో జార్జ్ శాఖ వైపు తీర్పిచ్చింది. కంపెనీల మళ్ళింపు విషయంలో జడ్జి మరియా లోపెజ్ కూడా వాళ్ళ వైపే తేల్చారు. మళ్ళించిన వ్యాపారాలు పాత కంపెనీలో కలపాలని, జార్జ్ కుటుంబానికి 20 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశాలొచ్చాయి. 1997లో సుప్రీం జుడిషియల్ కోర్టు ఆ తీర్పుల్లో ప్రధాన భాగాన్ని నిలబెట్టింది. కంపెనీకి దక్కాల్సిన అవకాశాల గురించి చెప్పేటప్పుడు ఆ రాష్ట్రంలో న్యాయవాదులు నేటికీ ఈ కేసునే ఉదహరిస్తారు.

మళ్ళించారని కోర్టు తేల్చిన ఆ కంపెనీల్లో ఒకదాని పేరు మార్కెట్ బాస్కెట్. ఇవాళ లక్షలమంది అభిమానంతో పలికే పేరు అక్కడిది.

ఈ వ్యాజ్యం ఎంత దూరం వెళ్ళిందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. ఓడిన పక్షం కోసం పనిచేసిన న్యాయవాదులు జడ్జి పక్షపాతంతో ఉందని నిరూపించాలని, ఆమె దగ్గర గతంలో పనిచేసిన లా క్లర్కుకి ఉత్తుత్తి ఉద్యోగం ఆశ చూపించారు. ఇంటర్వ్యూల పేరుతో పిలిపించి జడ్జి గురించి మాట్లాడించారు. మాటల్ని రహస్యంగా రికార్డు చేయించారు. చివరికి ఆ పన్నాగమే వాళ్ళకి చుట్టుకుంది. 2008లో వాళ్ళలో ఇద్దరు న్యాయవాద వృత్తి చేసే అర్హత పోగొట్టుకున్నారు. ఇంకొకరికి సస్పెన్షన్ పడింది.

అర శాతం మొగ్గు

తీర్పుల తర్వాత లెక్క ఇలా తేలింది: జార్జ్ శాఖకి 50.5 శాతం, టెలీమాకస్ శాఖకి 49.5 శాతం. అంటే సంస్థ పగ్గాలు జార్జ్ శాఖకి రావాలి. రాలేదు. జార్జ్ కొడుకుల్లో ఒకరు 1993లో కారు రేసు ప్రమాదంలో చనిపోయాడు. ఆయన వాటా ఆయన భార్య చేతిలో ఉంది. ముఖ్యమైన ఓట్లలో ఆమె చాలా ఏళ్ళు టెలీమాకస్ శాఖకే మద్దతిచ్చింది. బోర్డులో ఏడుగురు డైరెక్టర్లు: చెరో శాఖ నుంచి ఇద్దరేసి, అందరు వాటాదారుల ఓట్లతో ఎన్నికయ్యే ముగ్గురు. కాబట్టి ఆ ఒక్క వాటా ఎటు మొగ్గితే ముగ్గురు డైరెక్టర్లు అటు.

ఇక్కడ పేర్ల గందరగోళం విడదీసుకోవాలి. తాత పేరు మనవడికి పెట్టడం గ్రీకుల్లోనూ ఉంది. అథనాసియోస్‌ని అమెరికాలో ఆర్థర్ అనేవాళ్ళు. అందుకే రెండు శాఖల్లోనూ ఒక్కో ఆర్థర్. జార్జ్ కొడుకు ఆర్థర్ ఎస్., టెలీమాకస్ కొడుకు ఆర్థర్ టి. టెలీమాకస్ 2003లో పోయాడు. 2008లో ఆర్థర్ టి. సీఈఓ అయ్యాడు.

ఆయన సంస్థని నడిపిన తీరు నిజంగా మెచ్చుకోదగ్గది. సూపర్‌మార్కెట్ వ్యాపారంలో నూటికి ఒకటో రెండో డాలర్లు మిగిలితే గొప్ప. అలాంటి చోట మార్కెట్ బాస్కెట్ ఇతర చెయిన్ల కన్నా తక్కువ ధరకి అమ్ముతూ, ఉద్యోగులకి ఎక్కువ ఇచ్చింది. అప్పు దాదాపు లేదు కాబట్టి వడ్డీల బాధ లేదు. మెంబర్‌షిప్ కార్డులు లేవు, పాయింట్లు లేవు. సెల్ఫ్ చెకవుట్ మిషన్లు పెట్టలేదు, ప్రతి లైనులో మనిషే ఉంటాడు. మగ ఉద్యోగులు చొక్కా, టై కట్టుకుని కూరగాయలు సర్దుతారు. పేరు బ్యాడ్జి మీద ఎన్నేళ్ళ సర్వీసో కూడా రాసి ఉంటుంది. సంచుల్లో సరుకులు సర్దే కుర్రాడిగా చేరినవాళ్ళే స్టోర్ మేనేజర్లు, డైరెక్టర్లు అయ్యేవాళ్ళు.

అన్నిటికన్నా బలమైనది లాభాల పంపిణీ నిధి. అర్హులైన ఉద్యోగుల జీతంలో 15 శాతం దాకా సంస్థ తన డబ్బుతో వాళ్ళ రిటైర్‌మెంట్ ఖాతాలో వేసేది. 2008 ఆర్థిక సంక్షోభంలో ఆ నిధి కొన్ని పెట్టుబడుల్లో సుమారు 4.6 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. ఆర్థర్ టి. సంస్థ డబ్బుతో ఆ గండి పూడ్పించాడు. గల్లాపెట్టె దగ్గర ఇరవై ఏళ్ళు నిలబడ్డ మనిషికి అది ఎంత భరోసానో చెప్పక్కర్లేదు.

సరిగ్గా అదే పనిని అవతలి శాఖ ఇంకోలా చూసింది. పోయింది ఉద్యోగుల డబ్బే కానీ, పూడ్చింది వాటాదారుల డబ్బు. సంస్థలో సగానికి పైగా తమది. ఆ సగం కూడా ఏడేళ్ళు కోర్టుల్లో పోరాడి తెచ్చుకున్నది. ఖర్చులకి బోర్డు అనుమతి సరిగ్గా తీసుకోవడం లేదని, డబ్బు వాటాదారులకి పంచకుండా సంస్థలోనే కూడబెడుతున్నారని వాళ్ళ ఆరోపణ. 2014లో పత్రికలు, జనం వాళ్ళని దురాశపరులుగా చిత్రించారు. నాకు అది అన్యాయంగా అనిపిస్తుంది. ఒకసారి నమ్మి సర్వం పోగొట్టుకోబోయిన కుటుంబం, అదే శాఖకి చెందిన మనిషి లెక్కల్లో దాపరికం వద్దంటే తప్పుబట్టలేం.

2013లో ఆ ఒక్క వాటా చేయి మారింది. చనిపోయిన కొడుకు భార్య ఆర్థర్ ఎస్. వైపు వచ్చింది. బోర్డులో బలం మారింది. వాటాదారులకి 25 కోట్ల డాలర్లకు పైగా పంచాలని నిర్ణయమైంది. 2014 జూన్ 23న ఆర్థర్ టి.ని, ఇద్దరు పై అధికారులని తీసేశారు. బయటినుంచి ఫెలీసియా థోర్న్‌టన్, జేమ్స్ గూచ్ అనే ఇద్దర్ని ఉమ్మడి సీఈఓలుగా తెచ్చారు.

ఆరు వారాలు

లెక్క ప్రకారం కథ అక్కడితో ముగియాలి. బోర్డుకి ఆ అధికారం ఉంది, ఓట్లు ఉన్నాయి. ఊహించనిది జులైలో జరిగింది. ట్యూక్స్‌బరీలోని హెడ్డాఫీసు ముందు సభ జరిగింది. గోడౌన్ సిబ్బంది, లారీ డ్రైవర్లు పనిలోకి రావడం మానేశారు. బోర్డు ఎనిమిదిమంది సీనియర్ ఉద్యోగుల్ని తీసేసింది. దాంతో జంకుతారనుకుంటే పట్టుదల ఇంకా పెరిగింది.

సూపర్‌మార్కెట్‌కి పచ్చి సరుకే ప్రాణం. డబ్బాల్లో సరుకు నెలల తరబడి ఉంటుంది. పాలు, ఆకుకూరలు, మాంసం రోజూ రావాలి. గోడౌన్ ఆగిపోగానే ముందు ఖాళీ అయినవి ఆ అరలే. స్టోర్లలో పనిచేసేవాళ్ళు డ్యూటీలోనే ఉన్నారు, తలుపులు తెరిచే ఉన్నాయి, కానీ అమ్మడానికి సరుకు లేదు. చివర్లో పార్ట్ టైమ్ వాళ్ళకి పని గంటలు కోసేశారు. వేలమందికి ఆ నెల జీతం గండంగా మారింది. ఆ పోరాటానికి అసలు మూల్యం చెల్లించింది వాళ్ళే. సంబరాల్లో వాళ్ళ ప్రస్తావన తక్కువ.

కొనేవాళ్ళు కూడా తోడయ్యారు. పక్క చెయిన్లకి వెళ్ళి ఎక్కువ ధర పెట్టి కొని, ఆ రసీదులు తెచ్చి మార్కెట్ బాస్కెట్ అద్దాల మీద టేపుతో అంటించారు. మీకు రావాల్సిన డబ్బు ఎటు పోతోందో చూసుకోండి అని యజమానులకి చెప్పే పద్ధతి అది. ఇంత సూటిగా లెక్క చూపించిన నిరసన నాకు మరొకటి గుర్తు రావడం లేదు. అప్పటికి సంస్థకి 71 దుకాణాలు, దాదాపు 25 వేలమంది ఉద్యోగులు. మసాచుసెట్స్ గవర్నర్ డెవాల్ ప్యాట్రిక్, న్యూ హాంప్‌షైర్ గవర్నర్ మ్యాగీ హసన్ మధ్యవర్తులుగా దిగక తప్పలేదు.

2014 ఆగస్టు 27 రాత్రి ఒప్పందం కుదిరింది. జార్జ్ శాఖ తన 50.5 శాతం వాటాని 150 కోట్ల డాలర్లకు పైగా ధరకి టెలీమాకస్ శాఖకి అమ్మేసింది. ఆర్థర్ టి. తిరిగొచ్చాడు.

ఉద్యోగుల పోరాటం దేన్ని మార్చిందో, దేన్ని మార్చలేదో ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. వాళ్ళకి ఓటు రాలేదు, వాటా రాలేదు, బోర్డులో చోటు రాలేదు. రోజురోజుకీ సంస్థ విలువ పడిపోయేలా చేసి, అమ్మేవాళ్ళని తొందరపెట్టారు. అమ్మడానికి ఒక శాఖ, కొనడానికి ఇంకో శాఖ సిద్ధంగా ఉన్నాయి కాబట్టి ఆ ఒత్తిడి ఫలించింది. అప్పులేని సంస్థ మీద ఆ కొనుగోలుతో పెద్ద అప్పు పడింది. దాన్ని మోస్తూనే ధరలు అదుపులో ఉంచి, మెయిన్, రోడ్ ఐలాండ్ రాష్ట్రాల్లో కొత్త దుకాణాలు తెరవడం ఆర్థర్ టి. పనితనానికి నిదర్శనం.

నలుగురు తోబుట్టువులు

ఆ రాత్రి సంబరాల్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: కొన్నది ఎవరు? ఆర్థర్ టి. సంస్థని కొన్నాడని పత్రికలు రాశాయి. కొన్నది ఆయన శాఖ. ఆయనకి ముగ్గురు అక్కచెల్లెళ్ళు. లెక్క తేలేసరికి ఆయన వాటా 28 శాతం చిల్లర, ముగ్గురిదీ కలిపి 60 శాతం పైమాట, మిగతాది తర్వాతి తరం పేరున. పదేళ్ళపాటు ఆ లెక్క ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే నలుగురూ ఒక్క మాట మీద ఉన్నారు.

2025 మే నెలలో బోర్డు ఆయన్ని సెలవు మీద పంపింది. ఆయన పిల్లలిద్దరు, మరికొందరు అధికారులు కూడా పక్కకి తప్పుకోవాల్సి వచ్చింది. ఆయన మళ్ళీ పని ఆపించే ప్రయత్నంలో ఉన్నాడని బోర్డు ఆరోపణ. ఆయన కాదన్నాడు. దాని వెనకున్న అసలు తగువులు రెండు. బడ్జెట్లు, పెద్ద ఖర్చులు బోర్డుకి ముందుగా చూపించాలా వద్దా అన్నది ఒకటి. ఆయన తర్వాత ఆ కుర్చీ ఆయన పిల్లలదేనా, బోర్డు ఎంపిక చేయాలా అన్నది రెండోది. సెప్టెంబరులో రాజీ ప్రయత్నం విఫలమై ఆయన్ని తొలగించారు. వ్యవహారం డెలవేర్ కోర్టుకెక్కింది.

దుకాణాల్లో మాత్రం అలజడి లేదు. అప్పటికి దాదాపు 90 దుకాణాలు, 30 వేలమంది సిబ్బంది. అక్కచెల్లెళ్ళు బయటి మనుషుల్ని తెచ్చి పెత్తనం అప్పగించలేదు. ధరలు, బోనస్‌లు, లాభాల పంపిణీ అలాగే ఉంటాయని మొదటిరోజు నుంచీ చెబుతూ వచ్చారు. 2014లో ఉద్యోగి భయపడింది తన నిధి గురించి, తనకి తెలిసిన పద్ధతి గురించి. ఆ భయం కలగకపోతే ఒక పెద్దాయన కోసం జీతం వదులుకుని వీధిలో నిలబడటానికి చాలామందికి కారణం కనిపించదు. ఒకవేళ నిలబడ్డా, ఈసారి అమ్మేవాళ్ళు ఎవరు? అక్కచెల్లెళ్ళు అమ్మకానికి లేరు.

ఆర్థర్ టి.ని దేవుణ్ణి చేసినవాళ్ళకి, ఆయన తోబుట్టువుల్ని తప్పుబడుతున్నవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. బోర్డుకి లెక్కలు చూపించమన్న మాట 1990లలో జార్జ్ పిల్లలు అడిగిందే, 2013లో ఆర్థర్ ఎస్. అడిగిందే, 2025లో సొంత అక్కచెల్లెళ్ళు అడిగిందే. అడిగినవాళ్ళు మారారు. సంస్థని చక్కగా నడిపే మనిషికి ఆ ప్రశ్న అవమానంగా తోచడం అర్థమవుతుంది. కానీ 1971 నుంచి 1990 దాకా ఆ ప్రశ్న ఎవరూ అడగనందువల్లే సగం వాటా 8 శాతమైంది. ఇప్పుడు తర్వాతి తరం పేరున ఉన్న ఆ కొద్ది శాతం కూడా ఒకనాడు మనవళ్ళు, మనవరాళ్ళ మధ్య పంచుకోవాల్సిందే. అప్పటికి వాటాదారులు నలుగురే ఉండరు, ఇంకా చాలామంది అవుతారు. ఎవరు ఎటు ఓటేస్తారో ఊహించడం మరింత కష్టమవుతుంది.